వర్క్‌సెల్ కమ్యూనికేషన్: పింగ్ వస్తే పని అయిపోయినట్టేనా?

రోబో, కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే సీఎన్‌సీ యంత్రం, కెమెరా, కన్వేయర్, వీటన్నిటినీ నడిపించే పారిశ్రామిక కంప్యూటర్ పీఎల్‌సీ. ఇవన్నీ కలిసిందే వర్క్‌సెల్. వీటి మధ్య మాట కుదర్చడం నా పని. కేబుల్ పెట్టి ఐపీ చిరునామాలు ఇస్తే అయిపోయేదానికి ఇన్ని రోజులెందుకని ప్రతి చోటా ఎవరో ఒకరు అడుగుతారు.

అపోహ: పింగ్‌కు జవాబు వస్తే కమ్యూనికేషన్ సిద్ధమైనట్టే.

పింగ్ అంటే ఒక ఐపీ చిరునామాకు 'ఉన్నావా?' అని పంపే చిన్న సందేశం. ఆ చిరునామాలో ఎవరో ఉన్నారని మాత్రమే అది చెబుతుంది. వారికి మన భాష వచ్చో రాదో చెప్పదు. ఒకసారి పీఎల్‌సీ నుంచి పార్టు నంబరు 1 పంపితే రోబో కంట్రోలర్‌లో 256 కనిపించింది. కేబుల్‌లో లోపం లేదు, పింగ్ చక్కగా వస్తోంది. 16 బిట్ల సంఖ్యలో రెండు బైట్లుంటాయి. యంత్రాలు మాట్లాడుకునే భాషల్లో (ప్రోటోకాల్స్) ప్రొఫినెట్ ఎక్కువ విలువ గల బైటును ముందు పంపుతుంది, ఈథర్‌నెట్/ఐపీ తక్కువ విలువ గలదాన్ని ముందు పంపుతుంది. మధ్యలో ఉండి ఒక భాషను మరోదానిలోకి మార్చే గేట్‌వేలో ఈ తేడా సరిదిద్దకపోవడంతో 00 01 (అంటే 1) కాస్తా 01 00 (అంటే 256) అయి కూర్చుంది.

దశాంశ సంఖ్యలైతే మరీ మోసం. 25.0ను రెండు రిజిస్టర్లలో (ఒక్కోటి 16 బిట్ల గడి) పంపినప్పుడు అవి తారుమారైతే తెరపై సున్నా కనిపిస్తుంది. డేటానే రావడం లేదనుకుని కేబుళ్లు మార్చినవారున్నారు. మొదట్లో నేనూ మార్చాను. ఇంకో చిక్కు: పరీక్షకు 257 పంపితే, దాని రెండు బైట్లూ ఒకటే (01 01) కాబట్టి, అవి తిరగబడినా 257గానే వస్తుంది. 258 పంపండి. తిరగబడితే 513 వచ్చి గుట్టు బయటపడుతుంది.

అపోహ: మాన్యువల్‌లోని రిజిస్టర్ నంబరును ఉన్నదున్నట్టు రాస్తే చాలు.

1979 నాటి మోడ్‌బస్ అనే ప్రోటోకాల్‌లో మాన్యువల్ 40001 అన్నది తీగ మీద 0గా వెళ్తుంది. 40001ను తీసివేసే ఈ లెక్కను కొన్ని సాఫ్ట్‌వేర్లు తామే చేస్తాయి, కొన్ని మనకు వదిలేస్తాయి. ముందు విలువ తెలిసిన ఒక రిజిస్టర్ చదివి చూసుకోవాలి.

అపోహ: పని ముగిసిందని రోబో చిన్న పల్స్ (క్షణం పాటు ఆన్ అయి ఆరిపోయే సిగ్నల్) ఇస్తే పీఎల్‌సీ పట్టుకుంటుంది.

పీఎల్‌సీ ఇన్‌పుట్లను నిరంతరం చూడదు, స్కాన్‌కు, అంటే ప్రోగ్రాం ఒక చుట్టు తిరిగేందుకు, ఒకసారి చూస్తుంది. స్కాన్ 20 మిల్లీసెకన్లయితే 5 మిల్లీసెకన్ల పల్స్ ఆ సందులోంచి జారిపోవచ్చు. అదీ రోజుకు ఒకటి రెండు సార్లే, మనం పక్కన లేనప్పుడు. రోబో సిగ్నల్‌ను ఆన్‌లోనే ఉంచాలి, పీఎల్‌సీ 'అందింది' అన్నాకే దించాలి. ఆ తర్వాత పీఎల్‌సీ కూడా తన జవాబును దించాలి. ఈ చివరి అడుగును మరిచిపోతే తర్వాతి పార్టుకు పాత జవాబే పనిచేస్తుంది.

అపోహ: ఎమర్జెన్సీ స్టాప్‌ను కూడా మామూలు బిట్‌గా పంపవచ్చు.

కూడదు. దానికి సేఫ్టీ రిలే (భద్రత కోసమే చేసిన స్విచ్) వైరింగ్ గానీ, ప్రొఫీసేఫ్ వంటి భద్రతా ప్రోటోకాల్ గానీ ఉండాలి.

అపోహ: లింకు తెగితే యంత్రానికి దానంతట అదే తెలుస్తుంది.

చాలా సెటప్‌లలో చివరి విలువ అలాగే నిలిచిపోతుంది. సీఎన్‌సీ 'తలుపు తెరిచి ఉంది' అన్నాక కేబుల్ ఊడిందనుకోండి. తలుపు మూసుకున్నా రోబో దృష్టిలో అది తెరిచే ఉంటుంది. అందుకే రెండు వైపులా ఒక అంకె పెరుగుతూ ఉండేలా పెడతాను. అర సెకను పాటు ఆ అంకె మారకపోతే రోబో ఆగాలి. సెల్‌ను అప్పగించే ముందు రోబోను తక్కువ వేగంలో నడిపిస్తూ కేబుళ్లను ఒక్కొక్కటిగా ఊడదీసి, అది ఎక్కడ ఆగుతుందో కంచె బయట నిలబడి చూస్తాను.