బేస్తవారం నాడు వస్తానంటే ఎప్పుడు వచ్చినట్టు?

ప్రొద్దుటూరు

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్ళకు, మీతోపాటు ఈ ఉత్తరం చదివే మీ స్నేహితులకు ఆశీస్సులు.

బేస్తవారం నాడు బయలుదేరుతానని నేను కబురు పంపితే, విజయనగరంలో ఉన్న పిల్లలు అది ఏ వారమని అడిగారు, కరీంనగర్‌లో ఉన్న పిల్లలు మాత్రం అడగలేదు. ఈ తేడా ఎందుకు వచ్చిందో వివరంగా వ్రాయమని మీరు కోరారు. బృహస్పతివారం అన్న మాటే జనం నోటిలో నలిగి బేస్తవారం అయింది. కడప, కర్నూలు, అనంతపురం పల్లెలలోనూ, తెలంగాణలోనూ పెద్దవాళ్ళ నోట ఇదే మాట వినిపిస్తుంది. ఉత్తరాంధ్రలో అదే రోజు లక్ష్మివారం, బడిలోనూ పత్రికలలోనూ గురువారం. పంచాంగం తెరిస్తే మరికొన్ని పేర్లు కనిపిస్తాయి: ఆదివారం భానువారమవుతుంది, సోమవారం ఇందువారమవుతుంది, శనివారం స్థిరవారమవుతుంది. మంగళవారం అన్న పేరు శుభకార్యానికి తగదని భావించేవారు దానిని జయవారం అంటారు. పేరు మార్చినంత మాత్రాన వారం మారుతుందా అని నాకు లోపల అనిపించినా, పెళ్ళివారితో ఆ వాదన పెట్టుకోను.

వారాల పేర్ల వల్ల పెద్ద నష్టమేమీ లేదు, ఒకసారి తెలుసుకుంటే సరిపోతుంది. అసలు చిక్కు దినం ఎక్కడ మొదలవుతుందన్న దగ్గర ఉంది. గడియారం ప్రకారం అర్ధరాత్రి పన్నెండు దాటగానే తేదీ మారుతుంది. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. అందుచేత ముహూర్తం తెల్లవారుజామున మూడు గంటల ఇరవై నిమిషాలకు కుదిరితే, శుభలేఖలో "బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం 3-20 గంటలకు" అని వ్రాస్తారు. చదవడానికి వింతగా ఉన్నా, అది ఎంతో జాగ్రత్తగా వ్రాసిన వాక్యం. బుధవారం రాత్రి భోజనం చేసి మండపంలో ఉండవలసినవాళ్ళు, గురువారమన్న మాట ఒక్కటే చూసుకొని ఆ రాత్రికి చేరితే, అప్పటికి అప్పగింతలు కూడా అయిపోయి ఉంటాయి. రైలు టికెట్టు విషయంలోనూ ఇటువంటి పొరపాటే జరుగుతుంది. టికెట్టు మీద 12వ తేదీ 0-25 అని ఉంటే, మన లెక్కలో 11వ తేదీ రాత్రే స్టేషనుకు పోవాలి. పంచాంగానికి అలవాటుపడిన పెద్దవాళ్ళు 12వ తేదీ రాత్రి పోయి ఖాళీ ప్లాట్‌ఫారం చూసి వస్తారు. కాబట్టి మీరు ఎవరికైనా టికెట్టు తీసి ఇచ్చేటప్పుడు "11వ తేదీ రాత్రి భోంచేసి బయలుదేరండి" అని నోటితో కూడా చెప్పండి.

మా కడప జిల్లాలో మూడో లెక్క కూడా ఉంది. ముస్లింల లెక్కలో దినం సూర్యాస్తమయంతో మొదలవుతుంది, నెలవంక కనిపించిన సాయంత్రమే కొత్త నెల పుడుతుంది. అందుకే ఉర్దూలో మన బేస్తవారానికి జుమేరాత్ అని పేరు, అంటే జుమా రాత్రి. మనం బేస్తవారం రాత్రి అనుకొనేది ఆ లెక్కలో అప్పుడే శుక్రవారంలో పడి ఉంటుంది. ఒకే వీధిలో దినం మూడు వేళలలో మొదలైనా ఇక్కడ ఎవరి పనీ ఆగలేదు. ఉగాది నాడు దేవుని కడపలోని వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు కూడా వచ్చి టెంకాయ కొడతారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండగకు హిందువులు వేలాదిగా పోతారు.

ఆ పండగలు ఏటేటా తేదీలు ఎందుకు మారుతాయో కూడా చెబుతాను. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. పన్నెండు చాంద్రమాసాలు కలిపినా సూర్యుని సంవత్సరానికి సుమారు పదకొండు రోజులు తక్కువ పడతాయి కనుక పండగ వెనక్కి జరుగుతుంది. ఆ తరుగు పోగుపడినప్పుడు అధికమాసం చేర్చి మళ్ళీ ముందుకు తెస్తారు. 2023లో వచ్చిన అధిక శ్రావణమే మరుసటి ఉగాదిని ఏప్రిల్‌లోకి నెట్టింది. ముస్లింల హిజ్రీ లెక్కలో అధికమాసం లేదు, అందుచేత పీర్ల పండగ ప్రతి ఏడూ వెనక్కే జరుగుతూ ఎండలకూ, వానలకూ, చలికీ వంతులవారీగా వస్తుంది.

రైతుకు ఈ జరుగుడుతో పని సాగదు. అతనికి కార్తెలు కావాలి. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే ఒక కార్తె, ఏడాదికి ఇరవై ఏడు. సూర్యుని లెక్క కనుక కార్తె ప్రతి ఏటా దాదాపు అదే ఇంగ్లీషు తేదీకి వస్తుంది: మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో. తెలంగాణ పల్లెలలో మృగశిరను మిరుగం అంటారు. మా వైపు శెనక్కాయ విత్తనం గురించి అడిగితే, "జూన్ ఆఖరి వారం" అనే జవాబు కంటే "ఆరుద్రలో పదును దొరికితే" అనే జవాబే ఎక్కువగా వస్తుంది.

నేను పనిచేసిన తాలూకా కచేరీలో ఇవేవీ కాక ఫసలీ అని ఇంకొకటి ఉండేది. జూలై 1న మొదలై జూన్ 30తో ముగిసే భూమిశిస్తు సంవత్సరమది. మొదలైన ఇంగ్లీషు సంవత్సరంలోంచి 590 తీసివేస్తే ఫసలీ తెలుస్తుంది. 2025 జూలైలో మొదలైనది ఫసలీ 1435. మీ ఇంట్లో పాత అడంగల్ (ఊరి భూముల సాగు లెక్క) నకలు ఉంటే దాని మీద పదమూడు వందల చిల్లర ఫసలీ అంకె చూసి, భూమి పద్నాలుగో శతాబ్దం నుంచీ మనదేనని సంబరపడకండి.

ఇక మాటల సంగతి. నెలలో రోజును కోస్తాలో ఎక్కువగా తేదీ అంటారు, మేము తారీకు అంటాము. పదిహేను మా నోట పదైదు అవుతుంది. మాపటికి రమ్మంటే సాయంత్రం పొద్దు గూకే వేళకు రమ్మని. మొన్న అనే మాట మీద మాత్రం ఎక్కడా ఆధారపడవద్దు. కొందరికి అది నిన్నటికి ముందురోజు, కొందరికి ఆరు నెలల కిందటి సంగతి కూడా మొన్నే.

అన్నిటికంటే ఎక్కువ పొరపాటు వచ్చేది క్రియల దగ్గర. "మేము ఇప్పుడే వస్తిమి" అని మీ జేజి (నానమ్మ) ఫోనులో చెబితే, మీ అమ్మ "రండి, బియ్యం పెడతాను" అన్నదట. మా వైపు వస్తిమి అంటే వచ్చాము అని అర్థం, ఇల్లు చేరిన సంగతి చెప్పడానికే ఆమె ఫోను చేసింది. పోతిమి, తింటిమి, చూస్తిమి అన్నీ అటువంటివే, జరిగిపోయిన పనులు. చూస్తాము, చూస్తిమి అన్నవాటిలో చివరి అక్షరాలను శ్రద్ధగా వింటే చాలు. గమ్మున అనే మాట కూడా ఇటువంటిదే. కోస్తా పెద్దలు గమ్మున రమ్మంటే త్వరగా రమ్మని, మేము గమ్మున ఉండమంటే నోరు మూసుకొని కూర్చోమని. పెండ్లయి ఎన్ని దినాలైంది అని మేము మామూలుగా అడుగుతాము, కోస్తా చుట్టాలకు దినమంటే చనిపోయినవారికి చేసే కర్మ గుర్తుకు వచ్చి ముఖం చిట్లిస్తారు. అటువంటివారి ఎదుట రోజులు అనండి. అది మర్యాద కోసం మాత్రమే, మన మాట తప్పని కాదు.

ఎల్లుండి తరువాతి రోజును మేము ఆవలెల్లుండి అంటాము. మీ మీ ఊళ్ళలో పాలవాళ్ళు, కూరగాయలవాళ్ళు, బడిలో ఆయాలు దానిని ఏమంటారో అడిగి, ఊరి పేరుతో సహా నాకు వ్రాసి పంపండి.

ఇట్లు,
మీ జేజినాయన
(కూతురి పిల్లలకు తాత)