క్యాంపులో వచ్చిన నెగటివ్ చీటీ ఏం చెబుతుంది? హెచ్ఐవీ టెస్టుపై అపోహలు, వాస్తవాలు

డిసెంబరు 1, ప్రపంచ ఎయిడ్స్ దినం దగ్గర పడిందంటే మాలాంటి హెచ్ఐవీ కౌన్సెలర్లకు తీరిక ఉండదు. కాలేజీల్లో రెడ్ రిబ్బన్ క్లబ్బుల ర్యాలీలు, నెక్లెస్ రోడ్డు మీద పరుగులు, మాల్స్ ముందు ఫ్లాష్ మాబ్‌లు, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లాంటి హాస్టళ్లు ఎక్కువగా ఉండేచోట టెస్టింగ్ క్యాంపులు. ఆగస్టు 12న యువజన దినోత్సవానికీ ఇదే హడావిడి. ఈ క్యాంపులంటే నాకు ఇష్టం. ఆసుపత్రి గేటు దాటడానికి జంకే పిల్లలు ఇక్కడ నలుగురు స్నేహితులతో కలిసి వచ్చి ధైర్యంగా వేలు చాపుతారు. అయితే ప్రతి క్యాంపులోనూ ఒక మాట వినపడుతుంది. విన్నప్పుడల్లా నాకు గుండె గుభేలుమంటుంది. "నెగటివ్ వచ్చింది కదా మేడమ్, ఇక నాకేం లేనట్టే కదా?"

లేనట్టే అని నేను చెప్పలేను. మీకు చివరిసారి రిస్కు (రక్షణ లేని సెక్స్, ఒకరు వాడిన సిరంజి వాడటం లాంటివి) ఎప్పుడు జరిగిందో తెలిస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. ఇక్కడ ఈ ఒక్క అపోహ గురించే ఎక్కువ రాస్తాను, దీనివల్ల జరిగే నష్టం కళ్లారా చూశాను కాబట్టి. దోమలు, పానీపూరీల వల్ల వస్తుందనే అపోహల సంగతి తర్వాత రెండు ముక్కల్లో చెప్పేస్తాను.

అపోహ: ఈ రోజు నెగటివ్ వచ్చిందంటే ఈ రోజు నా ఒంట్లో వైరస్ లేదు.

వాస్తవం: క్యాంపులో మేం చేసేది రాపిడ్ టెస్టు. ఉంగరపు వేలి కొసను స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, సూదితో గుచ్చుతాం. మొదటి చుక్కను దూదితో తుడిచేసి రెండో చుక్కను సన్నటి గొట్టంతో తీసుకుని కిట్టులో వేస్తాం. దాని మీద బఫర్ అనే ద్రావణం చుక్కలు. పావుగంట, ఇరవై నిమిషాల్లో 'సీ' అనే అక్షరం దగ్గర గీత పడుతుంది. కిట్టు సరిగ్గా పనిచేసిందనడానికి అది గుర్తు. 'టీ' దగ్గర కూడా గీత పడితే రియాక్టివ్, అంటే హెచ్ఐవీ ఉండొచ్చని అనుమానం. ఆ రెండో గీత పడేది వైరస్ వల్ల కాదు, వైరస్‌ను ఎదుర్కోవడానికి మన ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీల వల్ల. అవి మర్నాటికల్లా తయారైపోవు. వేలి చుక్కతో చేసే యాంటీబాడీ టెస్టుకు దొరకాలంటే సుమారు 23 నుంచి 90 రోజులు పడుతుంది. నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చేసే నాలుగో తరం టెస్టు వైరస్‌లోని భాగమైన యాంటీజెన్‌ను కూడా పట్టుకుంటుంది కాబట్టి దానికి 18 నుంచి 45 రోజులు. నేరుగా వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యాట్ టెస్టుకు కూడా 10 నుంచి 33 రోజులు కావాలి. ఈ మధ్యకాలమే విండో పీరియడ్. పోయిన శనివారం జరిగినదాని గురించి ఈ బుధవారం తీసిన రక్తపు చుక్క ఏమీ చెప్పలేదు, ఎంత మంచి కిట్టయినా సరే.

ఇంతవరకు చాలామందికి కొద్దోగొప్పో తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. వైరస్ ఒంట్లోకి వచ్చిన మొదటి కొన్ని వారాల్లోనే రక్తంలో దాని మోతాదు విపరీతంగా పెరుగుతుంది. అంటే టెస్టు నెగటివ్ చూపిస్తున్న ఆ రోజుల్లోనే ఇతరులకు సోకే ప్రమాదం చాలా ఎక్కువ. కొందరికి రెండు నుంచి నాలుగు వారాల మధ్య జ్వరం, గొంతునొప్పి, ఒళ్లంతా దద్దుర్లు వచ్చి వాటంతటవే తగ్గిపోతాయి. చాలామందికి అవీ ఉండవు. సరిగ్గా అప్పుడే జేబులో 'నెగటివ్' చీటీ ఉంటే ఏమవుతుంది? కండోమ్ పక్కన పెట్టేస్తారు.

కొన్నేళ్ల కిందట ఒక అబ్బాయి తన హాస్టల్ దగ్గర జరిగిన క్యాంపులో టెస్టు చేయించుకున్నాడు. నెగటివ్. అప్పటికే పెళ్లి కుదిరింది. చీటీని జాగ్రత్తగా పర్సులో పెట్టుకున్నాడు. పెళ్లయ్యాక భార్య గర్భవతి అయింది. గర్భిణులందరికీ చేసే పరీక్షల్లో ఆమెకు పాజిటివ్ వచ్చింది. భర్తను పిలిపిస్తే, అతను ఆ చీటీ తీసి నా టేబుల్ మీద పెట్టి, "నాది నెగటివ్ మేడమ్, చూడండి" అన్నాడు. మడతల దగ్గర చిరిగిపోవడానికి సిద్ధంగా ఉంది ఆ కాగితం. మళ్లీ టెస్టు చేస్తే అతనికీ పాజిటివ్. ఇద్దరం కూర్చుని తేదీలు లెక్క చూశాం. క్యాంపుకు రెండు వారాల ముందు ఒకసారి రిస్కు జరిగింది. ఆ తర్వాత ఏమీ లేదన్నాడు, నేను నమ్మాను. ఆ క్యాంపులో అతన్ని 'చివరిసారి ఎప్పుడు?' అని ఎవరూ అడగలేదు.

భార్య నన్ను అడిగింది ఒకటే మాట. "పెళ్లికి ముందు ఆ చీటీ నాకూ చూపించారు మేడమ్. అది తప్పు చీటీయా?" తప్పు చీటీ కాదమ్మా, దాన్ని ఎలా చదవాలో మీ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు అన్నాను. ఆమెకు మందులు వెంటనే మొదలయ్యాయి. బిడ్డకు పుట్టగానే మందు, ఆరు వారాల నుంచి టెస్టులు, 18 నెలలకు ఆఖరి టెస్టు. బిడ్డ నెగటివ్. చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మందులు సరిగ్గా వాడితే 5 శాతం లోపే.

కాబట్టి క్యాంపులో చీటీ తీసుకునేటప్పుడు వేసుకోవాల్సిన లెక్క ఇది. ఈ రోజు నుంచి మూడు నెలలు వెనక్కి వెళ్లండి. ఆ తేదీకి ముందు జరిగినదానికి ఈ నెగటివ్ సమాధానం. ఆ తర్వాత రిస్కు ఏదైనా ఉంటే, అది జరిగిన రోజు నుంచి మూడు నెలలు నిండాక మళ్లీ టెస్టు, అప్పటిదాకా కండోమ్. జంటగా టెస్టు చేయించుకునేవాళ్లయితే ఇద్దరికీ ఇదే లెక్క.

"అలాంటప్పుడు క్యాంపులో టెస్టు ఎందుకు, దండగ కదా" అనేవాళ్లూ ఉన్నారు. దండగ కాదు. పైకి ఆరోగ్యంగా కనిపిస్తూ, తమకు ఉందని తెలియకుండానే ఏళ్ల తరబడి గడిపేసేవాళ్లు ఉన్నారు. లక్షణాలు కనిపించాక చూద్దామనుకుంటే టీబీతోనో, పదికిలోలు తగ్గాకో ఆసుపత్రికి వస్తారు. అలాంటి పాత ఇన్‌ఫెక్షన్‌ను వేలి చుక్క టెస్టు పట్టేస్తుంది. నా పేచీ టెస్టుతో కాదు. 'ఈ రోజు ఇంతమందికి టెస్టులు' అని బ్యానర్ ముందు ఫొటో దిగి, టెస్టుకు ముందూ తర్వాతా రెండు నిమిషాలు కూడా మాట్లాడకుండా పిల్లల్ని పంపించేసే క్యాంపులతోనే. నిర్వాహకులకు నా విన్నపం: చీటీ మీద మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ రాయండి. ఫలితం చెప్పడానికి పక్కన ఒక పరదా, రెండు కుర్చీలు వేయండి. లైనులో నిలబెట్టి అందరి ముందూ చెప్పకండి.

ఈ మూడు నెలల లెక్కను తప్పుగా అర్థం చేసుకుని ఇంకో రకంగా నష్టపోయేవాళ్లు కూడా ఉన్నారు. రిస్కు నిన్ననే జరిగినా "మూడు నెలలు ఆగాలట కదా" అని గదిలో కూర్చుని కుమిలిపోతారు. టెస్టుకు ఆగాలి గానీ డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి ఆగకూడదు. పెప్ అనే మందుల కోర్సు 72 గంటల్లోపు మొదలుపెడితే వైరస్ నిలదొక్కుకోకుండా ఆపే అవకాశం ఉంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 28 రోజులు మానకుండా వాడాలి. మీకు అది అవసరమా కాదా అన్నది డాక్టర్ చూసి చెప్తారు. లైంగిక దాడి జరిగినవాళ్లయితే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. నాలుగో రోజు వచ్చి ఏడ్చేవాళ్లను చూస్తే నాకు చేతులు విరిచేసినట్టు ఉంటుంది.

ఇక మూడు నెలలు దాటినా భయం వదలనివాళ్లు. ఒక కుర్రాడు ఏడాదిలో ఏడెనిమిది టెస్టులు చేయించుకున్నాడు, అన్నీ నెగటివే. రాత్రంతా ఫోన్లో లక్షణాలు వెతకడం, పొద్దున్నే అద్దంలో నాలుక చూసుకోవడం. నాలుక తెల్లగా ఉందని వచ్చాడు, మెడ దగ్గర గ్రంథి తగిలిందని వచ్చాడు. అతని మీద నాకు ఎప్పుడూ విసుగు రాలేదు. ఆ భయం ఎంత నిజమో ఎదురుగా కూర్చుంటే తెలుస్తుంది. "బాబూ, మూడు నెలలు దాటాక నెగటివ్ వచ్చింది, ఆ తర్వాత కొత్త రిస్కు లేదు. ఇక నీకు హెచ్ఐవీ లేదు. మిగిలింది టెన్షన్, దానికీ వైద్యం ఉంది" అని చెప్పి మానసిక వైద్యుడి దగ్గరికి పంపించాను. ఇలాంటివాళ్లు మీ స్నేహితుల్లో ఉంటే నవ్వకండి, తోడు వెళ్లండి.

అపోహ: క్యాంపులో రియాక్టివ్ వస్తే హెచ్ఐవీ ఉన్నట్టే.

వాస్తవం: ఇంకా ఖాయం కాదు. క్యాంపులో చేసేది ఒక్క కిట్టుతో. రియాక్టివ్ వచ్చినవాళ్లకు ఐసీటీసీలో (ప్రభుత్వ కౌన్సెలింగ్, టెస్టింగ్ కేంద్రంలో) మూడు వేర్వేరు కిట్లతో టెస్టు చేసి అప్పుడే పాజిటివ్ అని చెబుతారు. మొదటి కిట్టులో గీత పడి తర్వాతి వాటిలో నెగటివ్ వచ్చినవాళ్లు నాకు తెలుసు. అందుకని వదిలేయకండి, అదే రోజు వెళ్లండి. ఒంటరిగా వెళ్లలేకపోతే కౌన్సెలర్‌ను అడగండి, మేం వెంట వస్తాం.

అపోహ: రక్తదానం చేస్తే ఫ్రీగా హెచ్ఐవీ టెస్టు అయిపోతుంది.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. దానం చేసిన ప్రతి యూనిట్‌కూ హెచ్ఐవీ టెస్టు చేస్తారన్నది నిజమే. కానీ మీరు విండో పీరియడ్‌లో ఉంటే ఆ టెస్టుకూ దొరక్కపోవచ్చు. ఆ రక్తం ప్రమాదంలో గాయపడినవాళ్లకో, తలసీమియా ఉన్న చిన్న పిల్లలకో ఎక్కుతుంది. టెస్టు ఐసీటీసీలో ఎలాగూ ఉచితమే.

మిగతావి త్వరగా చెప్తాను. దోమలతో రాదు. ఒకే కంచంలో తింటే, ఒకే బాత్రూమ్ వాడితే, కౌగిలించుకుంటే రాదు. థియేటర్ సీట్లో సూదులు, పానీపూరీలో రక్తం, కూల్‌డ్రింకులో రక్తం అంటూ ఏటేటా తిరిగే వాట్సాప్ మెసేజీలను ఫార్వర్డ్ చేయడం ఆపండి. తిన్నదాని వల్ల, తాగినదాని వల్ల అలా రాదు, బయటి గాలికి ఆ వైరస్ ఎక్కువసేపు నిలవదు. ఇలాంటి మెసేజీ చూసి మూడు రోజులు అన్నం మానేసిన అమ్మాయికి నేను కౌన్సెలింగ్ ఇచ్చాను. వైరస్ వచ్చేది రక్షణ లేని సెక్స్ వల్ల, ఒకరు వాడిన సిరంజి మరొకరు వాడటం వల్ల, వైరస్ ఉన్న రక్తం ఎక్కించడం వల్ల, తల్లి నుంచి బిడ్డకు. భయపడితే వీటికి భయపడండి.

అపోహ: పాజిటివ్ వస్తే బతుకు అయిపోయినట్టే, అందుకే తెలియకపోవడమే నయం.

వాస్తవం: మన దేశంలో ప్రభుత్వం ఇచ్చే, హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితం. మొదట్లో సీడీ4 కణాలు (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు) బాగా తగ్గేదాకా ఆగాల్సి వచ్చేది. 2017 నుంచి పాజిటివ్ అని తేలితే చాలు, సీడీ4తో పనిలేకుండా మందులు మొదలుపెడుతున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర. క్రమం తప్పకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ టెస్టుకు అందనంత తగ్గిపోతుంది. ఆ స్థితిలో ఉన్నవాళ్ల నుంచి సెక్స్ ద్వారా భాగస్వామికి సోకదు. యూరప్‌లో ఒకరికి పాజిటివ్, ఒకరికి నెగటివ్ ఉన్న జంటలతో చేసిన పార్టనర్ అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. సుమారు 58 వేల సార్లు కండోమ్ లేకుండా కలిసినా, మందులు వాడుతున్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు. పెళ్లి చేసుకుని, వైరస్ సోకని పిల్లల్ని కని, ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు మా దగ్గరికి నెలనెలా మందులకు వస్తుంటారు. టెస్టు ఆలస్యం చేసినవాళ్లే ఎక్కువ బాధలు పడుతున్నారు.

అపోహ: టెస్టు చేయించుకుంటే కాలేజీకి, ఇంటికి తెలిసిపోతుంది.

వాస్తవం: 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా టెస్టు చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. కాలేజీ సీటుకో ఉద్యోగానికో హెచ్ఐవీ టెస్టు తప్పనిసరి అనకూడదు. ఈ మధ్య ఒక అమ్మాయి వాళ్ల హెచ్ఆర్ అడిగారని టెస్టుకు వచ్చింది. ముందు చట్టం గురించి చెప్పి, ఆ తర్వాత ఆమెకు తనకోసం కావాలంటేనే టెస్టు చేశాం. చేయించుకుంది, రిపోర్టు మాత్రం కంపెనీకి ఇవ్వలేదు.

క్యాంపు కోసం డిసెంబరు దాకా ఆగక్కర్లేదు. గాంధీ, ఉస్మానియాతో పాటు జిల్లా ఆసుపత్రుల్లోనూ ఐసీటీసీలు ఉన్నాయి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. పేరు చెప్పక్కర్లేదు. రిస్కు ఏ తేదీన జరిగిందో గుర్తు చేసుకుని చేయండి, వాళ్లు మొదట అడిగేది అదే.