ప్యాలెట్ ర్యాక్ భద్రత: గోదాముల్లో తరచూ వినే అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ చుట్టుపక్కల గోదాముల్లో ప్యాలెట్ ర్యాక్‌లను, అంటే చెక్క పళ్ళేల (ప్యాలెట్ల) మీద సరుకును అంతస్తులుగా పెట్టే ఉక్కు అరలను, తనిఖీ చేయడం నా వృత్తి. ఎక్కడికి వెళ్ళినా మొదట వినిపించేది “పదేళ్ళుగా ఇలాగే ఉన్నాయి సార్, ఇంతవరకు ఏమీ కాలేదు” అన్న మాటే. ఫలానా ఎత్తుల్లో బీమ్‌లు, అంటే సరుకు మోసే అడ్డ కమ్మీలు బిగించి, ఫలానా బరువు పెడతామని, ఏ భాగమూ దెబ్బతినదని అనుకుని లెక్క కట్టి నిలబెట్టిన ఉక్కు నిర్మాణం ర్యాక్. ఆ మూడింటిలో ఏది మారినా పాత లెక్క చెల్లదు. కింద రాసిన అపోహలన్నీ ఈ సంగతి మరచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: “చిన్న సొట్టే కదా, అంత ఉక్కుకు ఏమవుతుంది?”

ర్యాక్ నిలువు కాళ్ళు, అంటే అప్‌రైట్లు, చూడటానికి దూలాల్లా కనిపించినా సాధారణంగా రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ మందమున్న రేకును చల్లగానే మడిచి తయారు చేసినవి. వాటి బలమంతా ఆ మడతల్లోనే ఉంటుంది. ఫోర్క్‌లిఫ్ట్ తగిలి మడత నొక్కుకుపోయిందంటే, పైనుంచి నిటారుగా దిగవలసిన బరువు పక్కకు తొలగి కాలును వంచడం మొదలుపెడుతుంది.

కిందటేడాది ఒక గోదాములో, వరుస మధ్యలోని ఒక అప్‌రైట్‌కు నేల నుంచి నడుము ఎత్తున పెయింట్ లేచిపోయి ఉంది. సొట్ట సరిగ్గా మధ్యకు వచ్చేలా మీటరు పొడవు స్కేలును ఆనించి సందు కొలిస్తే 7 మి.మీ. వచ్చింది. “కంటికి కూడా ఆనడం లేదు కదా సార్” అన్నారు సూపర్‌వైజర్. ఐరోపా ప్రమాణం ఈఎన్ 15635 ప్రకారం కాలు ఫ్రేమ్ లోపలికి, అంటే ముందు కాలినీ వెనక కాలినీ కలిపే బ్రేసింగ్ కమ్మీలు ఉన్న దిశలో వంగితే హద్దు 3 మి.మీ.; బీమ్‌ల దిశలో వంగితే 5 మి.మీ.; బ్రేసింగ్ కమ్మీలకైతే 10 మి.మీ. హద్దు లోపల ఉన్నది ఆకుపచ్చ, దాన్ని రాసుకుని గమనిస్తూ ఉండాలి. హద్దు దాటినది పసుపు: వీలైనంత త్వరగా ఖాళీ చేసి, మరమ్మతు అయ్యేదాకా మళ్ళీ సరుకు పెట్టకూడదు, నాలుగు వారాల్లో ఖాళీ చేయకపోతే అది ఎరుపు కిందికి వస్తుంది. హద్దుకు రెట్టింపు దాటితే నేరుగా ఎరుపు, వెంటనే దించవలసిందే. మేము కొలిచిన కాలు ఫ్రేమ్ లోపలికే వంగింది కాబట్టి అది ఎరుపు. ఆ కాలికి రెండు పక్కలా బీమ్‌లు తగిలి ఉంటాయి కనుక రెండు బేలనూ (పక్కపక్క కాళ్ళ మధ్య ఉండే గడినే బే అంటారు) పై అంతస్తు నుంచి కిందికి వరుసగా ఖాళీ చేయించేసరికి సాయంత్రమైంది. చాలామంది ఒక పక్కనే దించి ఊరుకుంటారు. అలా చేస్తే సగం బరువు ఇంకా ఆ వంగిన కాలి మీదే ఉంటుంది.

అపోహ: “గ్యాస్‌తో వేడి చేసి, సుత్తితో కొట్టి నిటారు చేస్తే కొత్తదానితో సమానం.”

చల్లగా మడిచినప్పుడు ఉక్కుకు వచ్చిన బలం వేడి తగిలితే తగ్గిపోతుంది. తయారీదారు లిఖితపూర్వకంగా ఒప్పుకున్న పద్ధతి ఉంటే తప్ప, దెబ్బతిన్న అప్‌రైట్‌ను మార్చడమే మార్గం.

అపోహ: “బీమ్ ఒక మెట్టు పైకి జరిపినంత మాత్రాన తేడా ఏముంటుంది, బరువు అదే కదా?”

నాకు అన్నిటికంటే భయం కలిగించే మాట ఇది, ఎందుకంటే ఇక్కడ కంటికి కనిపించే దెబ్బ ఏదీ ఉండదు. పొడవాటి సరుకు వచ్చిందని కింది బీమ్‌ను పైకి జరుపుతారు, లేదా తీసేస్తారు. బీమ్ మోసే బరువు మారకపోయినా, కాలికి పక్క ఆసరా దొరికే రెండు చోట్ల మధ్య దూరం పెరిగిపోతుంది. సన్నని నిలువు కమ్మీకి ఆసరా లేని పొడవు రెట్టింపైతే, అది వంగకుండా మోయగల బరువు సిద్ధాంతం ప్రకారం నాలుగో వంతుకు పడిపోతుంది. నిజమైన ర్యాక్‌లో ఈ లెక్క ఇంతకంటే క్లిష్టమైనదే అయినా, తగ్గుతుందన్నది మాత్రం ఖాయం. ఎంత బరువు పెట్టవచ్చో చెబుతూ వరుస చివర తగిలించిన లోడ్ బోర్డు మీది అంకెలు ఫలానా బీమ్ ఎత్తులకే చెల్లుతాయి కాబట్టి, బీమ్ జరిపేముందు సరఫరాదారు చేత కొత్త లెక్క వేయించి, కొత్త బోర్డు పెట్టించాలి.

అపోహ: “పిన్ లేకపోయినా బీమ్ కొక్కేలు పట్టుకునే ఉంటాయి.”

కిందికి దిగే బరువును కొక్కేలు మోస్తాయి, నిజమే. కానీ ఫోర్క్ పైకి లేచేటప్పుడు పై బీమ్ అడుగు భాగానికి తగిలితే, ఆ బీమ్ ఊడి రాకుండా పట్టి ఉంచేది వేలెడంత సేఫ్టీ పిన్నే. సుమారు 500 కిలోల బలంతో పైకి నెట్టినా అది నిలవాలని మరో ఐరోపా ప్రమాణం ఈఎన్ 15512 కోరుతుంది. పిన్ స్థానంలో మేకులు, బైండింగ్ తీగ పెట్టిన గోదాములు ఎన్నో చూశాను. వాటికి ఆ శక్తి లేదు.

అపోహ: “పడితే ఒక బే పడుతుంది.”

ఒక కాలు కూలితే దానికి తగిలి ఉన్న బీమ్‌లు పక్క కాళ్ళను కూడా లాగుతాయి. 2016లో బ్రిటన్‌లోని ష్రాప్‌షైర్‌లో చీజ్ నిల్వ చేసిన ర్యాక్‌లు కుప్పకూలినప్పుడు, ఆ కుప్ప కింద దాదాపు ఎనిమిది గంటలు చిక్కుకున్న ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ ప్రాణాలతో బయటపడ్డాడు.

అపోహ: “చట్టంలో ర్యాక్ అనే మాటే లేదు, కాబట్టి బాధ్యత లేదు.”

ఈఎన్ ప్రమాణాలు మన దేశంలో చట్టం కావు, ర్యాక్‌ల కోసం ప్రత్యేక సెక్షన్ కూడా లేదు. అయినా 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 7ఏ సెక్షన్, వస్తువుల వినియోగం, తరలింపుతో పాటు నిల్వ విషయంలోనూ భద్రతా ఏర్పాట్లు చేయవలసిన బాధ్యతను ఆక్యుపయర్ మీద, అంటే ఫ్యాక్టరీ మీద అంతిమ అధికారం ఉన్న వ్యక్తి మీద పెట్టింది. శీతల గిడ్డంగిలో సరుకు నిల్వ చేయడాన్ని ఆ చట్టం తయారీ ప్రక్రియగానే లెక్కించింది కాబట్టి, గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల యజమానులు “మాది ఫ్యాక్టరీ కాదు” అని తప్పించుకోవడం కుదిరేది కాదు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా, పని స్థలంలో గాయాలకు దారితీసే ప్రమాదాలు లేకుండా చూడవలసినది యజమానేనని స్పష్టంగా చెబుతోంది. ప్రమాదం జరిగాక విచారణకు వచ్చే అధికారి లోడ్ బోర్డు, తనిఖీ రిజిస్టరు, మరమ్మతు రికార్డు అడుగుతారు. అప్పటికప్పుడు రాసిన రిజిస్టరు సిరా చూస్తేనే తెలిసిపోతుంది.

అపోహ: “ఏడాదికొకసారి సర్టిఫికెట్ తీసుకుంటే చాలు.”

నిపుణుడి తనిఖీ పన్నెండు నెలలకు మించకుండా జరగాలన్నది నిజమే. అయితే నేను వచ్చి వెళ్ళిన మర్నాడే ఫోర్క్‌లిఫ్ట్ ఒక కాలికి తగలవచ్చు. అందుకే గోదాములోనే ఒకరిని పేరు పెట్టి బాధ్యుడిగా నియమించి, వారానికోసారి వరుసలన్నీ నడిచి చూసి రాయించాలని ఈఎన్ 15635 చెబుతుంది. దెబ్బను అందరికంటే ముందు తెలుసుకునేది డ్రైవరే. చెప్పిన డ్రైవర్ జీతంలో కోత పెట్టే చోట ఎవరూ చెప్పరు, సొట్ట మీద పెయింట్ పూస్తారు. ఒక గోదాములో మేనేజర్‌కు నచ్చజెప్పి ఆ కోత మాన్పించాను. పది రోజులు తిరగకముందే రిజిస్టరులో ఒక డ్రైవర్ తన చేత్తో ఇలా రాశాడు: “7వ వరుస, 3వ కాలు, రాత్రి షిఫ్టులో వెనక్కి తీస్తుంటే తగిలింది, చూడండి.” స్కేలు పెట్టి చూస్తే సందు 4 మి.మీ. ఉంది. రెండు రోజుల్లో రెండు బేలూ ఖాళీ చేసి, కాలు మార్చారు.