ఏనుగుకు స్నానం చేయించనిస్తే మంచి కేంద్రమేనా?

"సవారీ లేదండీ, స్నానం చేయించడమే. మంచి కేంద్రమే కదా?" కాపాడి తెచ్చిన ఏనుగుల సంరక్షణ కేంద్రాలకు వెళ్లబోయేవాళ్లు పదేపదే అడిగే మాట ఇది. కాదు. సందర్శకులను ముట్టుకోనిచ్చే చోటికి అసలు వెళ్లకండి.

మూడు టన్నుల జంతువు ముక్కూమొహం తెలియని జనం మధ్య కదలకుండా పడుకుందంటే అది మచ్చిక కాదు, అంకుశం భయం. అంకుశం కనపడకపోవచ్చు, అరచేతిలో దాచిన మేకు చాలు. చెవుల వెనక, నుదుటి మీద పాత మచ్చలున్నాయేమో చూడండి. పైగా నీళ్లలోంచి లేవగానే ఏనుగు ఒంటి నిండా మట్టి చల్లుకుంటుంది. ఎండకూ పురుగులకూ దానికి అదే రక్ష. రోజుకు నాలుగు బ్యాచ్‌లు కడిగేస్తే ఆ పూత నిలిచేదెక్కడ? క్షయ మనుషుల నుంచి ఏనుగులకు, వాటి నుంచి మనుషులకు సోకుతుంది కూడా. 2025 జనవరిలో థాయ్‌లాండ్‌లో స్నానం చేయిస్తున్న స్పెయిన్ యువతిని ఏనుగు పొడవడంతో ఆమె ప్రాణమే పోయింది.

మరి ముట్టుకోకుండా వైద్యమెలా అంటారా? చాలా మంచి కేంద్రాల్లో ఉక్కు కమ్మీల ఇవతల నుంచే చేస్తారు. కర్ర చివరి బంతిని చూపగానే ఏనుగు పాదమెత్తి కమ్మీల మధ్య కిటికీలో పెడుతుంది, పండు ముక్క అందుకుంటుంది. గోళ్లను ఆకురాయితో అరగదీసి, అరికాలి పగుళ్లలో ఇరుక్కున్న రాళ్లు తీసి, చీముంటే ఎప్సమ్ సాల్ట్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానబెడతారు. ఏళ్లపాటు కాంక్రీటు మీద నిలబెట్టిన ఏనుగులను కుంగదీసేది పాదాల జబ్బులూ కీళ్లనొప్పులే. విసుగొస్తే పాదం వెనక్కి తీసుకుని వెళ్లిపోతుంది. ఆ పూటకు ఎవరూ బలవంతపెట్టరు. మంచి కేంద్రానికి ఇంతకు మించిన గుర్తు లేదు.

ఆగకుండా తల ఊపుతుంటే అది నాట్యం కాదు, కట్టేసి ఉంచిన రోజుల్లో పట్టుకున్న అలవాటు. కాపాడాక కూడా చాలావాటికి పోదు, కాబట్టి అది చూసి కేంద్రాన్ని తప్పుపట్టకండి. కంటికీ చెవికీ మధ్య కారేది కన్నీరు కాదు, కణత గ్రంథి స్రావం. మగ ఏనుగైతే మదం కావచ్చు, అప్పుడు విడిగా ఉంచడం శిక్ష కాదు. "అడవిలో వదిలేయొచ్చుగా?" కెన్యాలో షెల్డ్రిక్ ట్రస్ట్ అనాథ గున్నలను పెంచి త్సావోలో అడవికి అలవాటు చేస్తుంది. జీవితమంతా గొలుసులో గడిపిన ముసలి ఏనుగుకు చాలాసార్లు అది సాధ్యపడదు.

దగ్గరికి రానివ్వకపోతే ఏదో దాస్తున్నారనుకోవద్దు. అమెరికాలోని టెన్నెసీలో 1995లో మొదలైన ఎలిఫెంట్ శాంక్చువరీ ఏనుగుల దగ్గరికి సందర్శకులను అసలు అనుమతించదు, కెమెరాల్లోనే చూపిస్తుంది.

బుక్ చేసేముందు ఫోన్ చేసి అడగండి: రాత్రి ఎక్కడ ఉంచుతారు? ఇక్కడే ఏనుగుల సంతానోత్పత్తి చేయిస్తున్నారా? క్షయ పరీక్షలు చేస్తారా? తెలియక స్నానానికి ఇప్పటికే డబ్బు కట్టేశారా? బాధపడకండి. నీళ్లలోకి దిగనని చెప్పి, బైనాక్యులర్స్ తీసుకెళ్లి దూరం నుంచే చూడండి.