నాయనమ్మ ముఖం మసకేసిందెందుకు?

మాఘమాసం పెళ్లిళ్లలో మా అక్క కొడుకు హన్మకొండలో ఒక పెళ్లికి ఫొటోలు తీశాడు. స్టేజీ మీద సోఫాలో వధూవరులు, సోఫా వెనక నలుగురు పెద్దవాళ్లు. మావాడు దేన్నైనా లెక్క చూసుకుని చేసే రకం. షట్టర్ నొక్కేముందు ఫోన్ తీసి డెప్త్ ఆఫ్ ఫీల్డ్ యాప్‌లో అంకెలు కొట్టాడు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (బొమ్మ పడే సెన్సర్ 24×36 మిల్లీమీటర్లు ఉండే రకం), 50 ఎంఎం లెన్స్, ఎఫ్/5.6 (లెన్స్ కంత ఎంత తెరవాలో చెప్పే అంకె, పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది), పెళ్లికూతురి ముఖానికి దూరం 3 మీటర్లు. 2.50 మీటర్ల నుంచి 3.74 మీటర్ల దాకా అంతా ఫోకస్‌లో ఉంటుందని యాప్ చెప్పింది. వెనక వరస 3.70 మీటర్ల దగ్గరుంది. నాలుగు సెంటీమీటర్లు ఇంకా మిగిలాయనుకుని నిమ్మలంగా నొక్కేశాడు.

ఆ ఫొటో పెళ్లివారికి నచ్చింది. హాల్లో గోడకు పెట్టుకుందామని 24×36 అంగుళాల ఫ్రేమ్ కట్టించారు. కాగితం విప్పగానే అందరూ మూగి చూశారు. పెళ్లికూతురి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. వెనక నిలబడ్డ నాయనమ్మ ముఖం మాత్రం ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టుంది. "యాప్ చెప్పినట్టే తీసిన గదా మామా, గిట్లెందుకైంది?" అని ఫోన్ చేశాడు.

యాప్ తప్పు చెప్పలేదు. మావాడూ తప్పు కొట్టలేదు. చిక్కంతా "ఫోకస్‌లో ఉంది" అన్న మాటలోనే ఉంది.

నిజానికి ఏ లెన్స్ అయినా ఒక్క దూరాన్నే సరిగ్గా ఫోకస్ చేస్తుంది. 3 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, ఆ దూరంలో ఉన్న చుక్క సెన్సర్ మీద చుక్కగా పడుతుంది. దానికి ముందూ వెనకా ఉన్న ప్రతి చుక్కా చిన్న వృత్తంగా పడుతుంది. దూరమయ్యేకొద్దీ ఆ వృత్తం పెద్దదవుతుంది. ఎక్కడా ఒక గీత ఉండదు, ఇక్కడిదాకా స్పష్టం, ఇక్కడినుంచి మసక అని. అయితే మన కన్నుకూ ఓ హద్దుంది. వృత్తం మరీ చిన్నదైతే కన్ను దాన్ని చుక్క అనే అనుకుంటుంది. అలా కన్ను మోసపోయేంత మేరకే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అని పేరు. మోసపోయే ఆ గరిష్ఠ వృత్తాన్ని సర్కిల్ ఆఫ్ కన్ఫ్యూజన్ అంటారు. యాప్ లెక్కంతా ఈ ఒక్క కొలత మీద ఆధారపడుతుంది.

ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు ఆ కొలత సుమారు 0.03 మిల్లీమీటర్లు అని చాలా యాప్‌లు ముందే పెట్టుకుంటాయి. ఇది ఎక్కడినుంచి వచ్చింది? 8×10 అంగుళాల ప్రింటును చేతిలో పట్టుకుని 25 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తున్నామనుకుంటారు. అంత దగ్గర పావు మిల్లీమీటరు చుక్కను మామూలు చూపు పట్టించుకోదని ఇంకో అనుకోలు. 24×36 మిల్లీమీటర్ల సెన్సర్ బొమ్మ ఆ ప్రింటుకు రావాలంటే సుమారు 8 రెట్లు పెంచాలి. పావు మిల్లీమీటరును 8తో భాగిస్తే 0.03. ఇది చాలా ఉదారమైన లెక్క. కంటి డాక్టరు దగ్గర 6/6 వచ్చినవాళ్లు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని విడదీసి చూడగలరు. 25 సెంటీమీటర్ల దూరంలో అది 0.07 మిల్లీమీటర్లే. పావు మిల్లీమీటరు అందులో మూడింతలకు పైమాటే.

ఇప్పుడు మన ఫ్రేమ్ సంగతి చూద్దాం. 36 మిల్లీమీటర్ల సెన్సర్‌ను 36 అంగుళాలకు పెంచితే 25 రెట్లు. యాప్ అనుకున్నదానికి మూడింతలు. దాన్ని చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు కాబట్టి, సర్కిల్ 0.01 అని పెట్టుకోవాల్సింది. అలా పెట్టి మళ్లీ లెక్కేస్తే అదే ఎఫ్/5.6కి హద్దు 2.81 నుంచి 3.21 మీటర్ల దాకానే. వెనక వరస అర మీటరు బయటపడింది.

ఈ లెక్కకు యాపే కావాలని లేదు, ఫోన్‌లోని మామూలు కాలిక్యులేటర్ చాలు. లెన్స్ నాభ్యంతరాన్ని, అంటే 50 ఎంఎం అని లెన్స్ మీద రాసుండే అంకెను, దానితోనే గుణించి, ఎఫ్ నంబరుతోనూ సర్కిల్ కొలతతోనూ భాగిస్తే హైపర్‌ఫోకల్ దూరం వస్తుంది, మిల్లీమీటర్లలో. అక్కడ ఫోకస్ చేస్తే దాని సగం దూరం నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. చివర నాభ్యంతరాన్ని కలపాలి గానీ, అది ఎంతో కాదు. మిగతా హద్దులన్నీ ఈ దూరం నుంచే పుడతాయి. మరి ఆ సోఫా ఫొటోను ఎలా తీసుండాల్సింది? ఎఫ్/8 పెట్టి, పెళ్లికూతురి మీద కాకుండా 3.3 మీటర్ల దగ్గర, అంటే దాదాపు సోఫా వెనక పట్టీ మీద ఫోకస్ చేయాలి. అప్పుడు 0.01తో లెక్కేసినా దాదాపు 3 నుంచి 3.7 మీటర్లు వస్తుంది. "పెళ్లికూతుర్ని ఇడిసిపెట్టి సోఫా మీద ఫోకస్ చేయాల్నా?" అని మావాడు నవ్వాడు. చేయాలి మరి.

ఫొటోగ్రాఫర్ల నోట తరచూ వినే ఇంకో మాట ఉంది. ఫోకస్ చేసిన చోటికి ముందు ఒక వంతు, వెనక రెండు వంతులు స్పష్టంగా వస్తుందని. ఇది హైపర్‌ఫోకల్ దూరంలో సరిగ్గా మూడో వంతు దగ్గర ఫోకస్ చేసినప్పుడే నిజం. దగ్గరికి వచ్చేకొద్దీ ముందూ వెనకా దాదాపు సమానమవుతాయి, దూరం వెళ్లేకొద్దీ వెనక భాగం విపరీతంగా సాగిపోతుంది.

హైపర్‌ఫోకల్ రుచి తెలియాలంటే ఖిలా వరంగల్ వెళ్లాలి. నాలుగు దిక్కులా తోరణాలు, మధ్యలో విరిగిన స్తంభాలు, చెక్కిన రాళ్లు. నా కెమెరాది చిన్న సెన్సర్, ఏపీఎస్-సీ రకం, దానికి సర్కిల్ 0.02. 18 ఎంఎం దగ్గర ఎఫ్/8 పెడితే హైపర్‌ఫోకల్ దూరం 2 మీటర్లు. తోరణం దూరంగా ఉంది కదా అని అనంతం మీద ఫోకస్ చేస్తే 2 మీటర్ల లోపలి రాళ్లన్నీ మసకే. అదే 2 మీటర్ల దగ్గరున్న రాయి మీద ఫోకస్ చేస్తే 1 మీటరు నుంచి తోరణం వెనకున్న ఆకాశం దాకా అంతా వస్తుంది. ఫోకస్ దగ్గరికి తెచ్చాం, పోయిందేమీ లేదు. తోరణం మీద మరీ పదును కావాలంటే ఫోకస్ ఇంకొంచెం వెనక్కి జరుపుకోవచ్చు. నేనైతే జరుపుతాను.

పాలంపేట రామప్ప గుడిలో కథ వేరు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడి 2021లో యునెస్కో జాబితాకెక్కింది. ఎర్రటి ఇసుకరాతి గుడికి చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే స్త్రీమూర్తుల శిల్పాలు. నున్నగా మెరిసే ఆ శిల్పాన్ని వెనకున్న గోడ నుంచి విడదీసి చూపాలంటే స్పష్టంగా వచ్చే లోతు తక్కువ కావాలి. 100 ఎంఎం, ఎఫ్/4, దూరం 4 మీటర్లు అంటే నా కెమెరాలో స్పష్టంగా వచ్చేది 25 సెంటీమీటర్లే. 8 మీటర్లకు వెనక్కి నడిస్తే అది ఒక మీటరవుతుంది. దూరం రెట్టింపైతే లోతు సుమారు నాలుగింతలు. అసలు ప్రమాదం ఇక్కడే. 4 అని యాప్‌లో కొట్టిన దూరం నిజంగా మూడున్నర అయితే చేతికొచ్చేది 19 సెంటీమీటర్లు. తెర మీద రెండు దశాంశ స్థానాల దాకా కనిపించే అంకె, మన కంటి అంచనాను మించి నిక్కచ్చిగా ఉండలేదు.

అలాంటప్పుడు అపెర్చర్‌ను, అంటే లెన్స్ కంతను, ఎఫ్/22కి మూసేస్తే గొడవే ఉండదు కదా? ఉంటుంది. చిన్న కంత గుండా వెళ్లిన కాంతి అంచుల దగ్గర చెదిరి, ఫోకస్ ఎంత బాగున్నా ప్రతి చుక్కనూ ఒక వృత్తంగా మారుస్తుంది. పచ్చరంగు కాంతికి ఎఫ్/22 దగ్గర ఆ వృత్తం 0.03 మిల్లీమీటర్లు. నా కెమెరాకు పెట్టుకున్న హద్దే 0.02. అంటే ఫొటోలో ఏదీ పూర్తిగా పదునుగా రాదు. చాలా యాప్‌లు డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంకెల పక్కన ఈ సంగతి చెప్పవు.

ఇక ఫోన్ కెమెరాలకు ఈ తంటా పెద్దగా లేదు. వాటి ప్రధాన లెన్స్ అసలు నాభ్యంతరం ఐదారు మిల్లీమీటర్లే కాబట్టి మామూలు దూరాల్లో దాదాపు అన్నీ స్పష్టంగానే పడతాయి. పోర్ట్రెయిట్ మోడ్‌లో కనిపించే మసక చాలావరకు సాఫ్ట్‌వేర్ పూసిన మసక.

మావాడు ఇప్పుడు యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి సర్కిల్ ఆఫ్ కన్ఫ్యూజన్‌ను 0.01కి మార్చి పెట్టుకున్నాడు. పెళ్లివారింట్లో ఆ ఫ్రేమ్‌ను టీవీ పైన, ఎత్తులో మేకు కొట్టి తగిలించారట. ఎదురుగా సోఫాలో కూర్చుని చూస్తే నాయనమ్మ స్పష్టంగానే కనిపిస్తోందట.