మందు మానలేనివాళ్ళ మనసు గురించి మేం వినే అపోహలు

డీ-అడిక్షన్ వార్డులో కౌన్సెలింగ్ చేస్తుంటే ఇంటివాళ్ళ నోట తరచూ వినిపించే మాటలివి.

అపోహ: "ఏమడిగినా ఏం లేదంటాడు. అంతా లోపల దాచుకుంటాడు."

వాస్తవం: దాచేవాళ్ళూ ఉన్నారు. చాలామందికి మాత్రం లోపల ఏం జరుగుతోందో నిజంగానే అంతుపట్టదు. దీన్ని అలెక్సిథైమియా అంటారు. ఇది విడిగా ఒక జబ్బు కాదు, మనిషి తీరులో ఒక లక్షణం. మామూలు జనంలో 10 శాతం మందికి అటూ ఇటూగా ఉంటే, మద్యానికి బానిసలైనవాళ్ళలో 45 నుంచి 67 శాతం దాకా ఉంటుందని 2009లో వచ్చిన ఒక పరిశోధనా సమీక్ష లెక్క.

వార్డులో మాటలు ఇలా నడుస్తాయి:

"నిన్న మీ నాన్నగారు ఫోన్ చేశాక ఎలా అనిపించింది?"
"బానే ఉంది సార్."
"ఒంట్లో?"
"ఛాతీ పట్టేసింది. గ్యాస్ అనుకున్నా. ఇంటి దగ్గరైతే ఓ క్వార్టర్ వేస్తే సర్దుకునేది."

ఈసీజీలో ఏమీ లేదని తేలాక (ముందు అది తీయించాల్సిందే) మిగిలేది చాలాసార్లు భయమో అవమానమో. అతను దాన్ని ఒంటి బాధగానే గుర్తుపడతాడు, దానికి తెలిసిన వైద్యమే చేసుకుంటాడు. అందుకే మేం మనసు సంగతి ఎత్తేముందు ఒంటి సంగతి అడుగుతాం.

అపోహ: తాగితే మనసులో మాట బయటికొస్తుంది.

వాస్తవం: బెరుకు పోతుంది, అంతే. అప్పటి ఏడుపూ తిట్లూ చాలాసార్లు మర్నాడు అతనికే గుర్తుండవు.

అపోహ: పెళ్ళాం ఏడ్చినా చలించడు, రాతిగుండె.

వాస్తవం: ఎదుటివాళ్ళ ముఖం చదవడంలోనూ వీళ్ళు పొరబడతారు. దిగులు కోపంలా కనిపిస్తుంది. ఆవిడ బాధగా కూర్చుంటే, "నామీద మండిపడుతోంది" అనుకుని తనే గొడవకి దిగుతాడు. చెయ్యి చేసుకోవడానికి ఇది సాకు కాదు, ఆ మాట ముందే చెప్తాం. గొడవ లేని వేళ చూసి, "నాకు కోపం లేదు, భయంగా ఉంది" అని నోటితోనే చెప్పమని ఆవిడకి చెప్తాం.

అపోహ: మానేస్తే అన్నీ అవే సర్దుకుంటాయి.

వాస్తవం: ఆందోళన, దిగులు తగ్గేకొద్దీ అలెక్సిథైమియా కొంత మెరుగవుతుంది. అందుకే దాన్ని కొలిచే 20 ప్రశ్నల టొరంటో స్కేలు విత్‌డ్రాయల్ (మందు ఆపిన కొత్తలో ఒంటికీ మనసుకీ వచ్చే ఇబ్బంది) దాటాకే ఇవ్వడం మేలు. 61, ఆపైన వస్తే అలెక్సిథైమియా ఉన్నట్టు లెక్క. కొందరిలో ఈ తీరు తాగుడుకి ముందునుంచే ఉంటుంది కాబట్టి మందు మానినా పోదు, సాధన కావాలి. "టెన్షన్" అన్న ప్రతిసారీ అంతకుముందు ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది అని రెండు ముక్కలు నోట్‌బుక్‌లో రాయిస్తాం.

రోజూ తాగేవాళ్ళని ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించకండి. వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టర్‌కి చూపించండి. ఎక్కడికెళ్ళాలో తోచకపోతే టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.