నరాల్లో పారేది కరెంటేనా? అపోహలు – వాస్తవాలు

నరాల వేగాన్ని కొలిచే ఎన్‌సీవీ పరీక్ష చేయడం నా రోజువారీ పని. పరీక్ష బల్ల మీద పడుకున్నవారు అడిగే ప్రశ్నల్లో సగానికి మూలం మన భాషలోనే ఉంది. రక్తం తీసేటప్పుడు ‘నరం దొరకడం లేదు’ అంటాం, కానీ అక్కడ వెతుకుతున్నది సిరను. పిక్క పట్టేస్తే ‘నరం మీద నరం ఎక్కింది’ అంటాం, కానీ అక్కడ బిగుసుకున్నది కండరం. ‘నాడి చూడటం’ అంటే ధమని కొట్టుకోవడాన్ని చూడటం. ఈ మూడింటిలోనూ కనిపించని అసలైన నరం గురించి, అంటే నాడీతంతువుల కట్ట గురించి, ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నరం కరెంటు తీగ లాంటిది. మెదడులో పుట్టిన విద్యుత్తు దాని గుండా పారి కండరాన్ని చేరుతుంది.

వాస్తవం: రాగి తీగలో ఎలక్ట్రాన్లు తీగ పొడవునా కదులుతాయి. నాడీతంతువులో సంకేతాన్ని పుట్టించేవి సోడియం, పొటాషియం అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు. అవి తంతువు పొరను దాటుతూ లోపలికీ బయటికీ కదులుతాయి. విశ్రాంతిగా ఉన్న తంతువు లోపలి భాగం బయటితో పోలిస్తే సుమారు 70 మిల్లీవోల్టుల మేర ఋణాత్మకంగా ఉంటుంది. ఒకచోట సోడియం ద్వారాలు తెరుచుకుంటే సోడియం లోపలికి చొరబడి ఆ తేడాను తారుమారు చేస్తుంది. ఆ ద్వారాలు మూసుకుపోయి పొటాషియం బయటికి వెళ్లడంతో దాదాపు ఒక మిల్లీసెకనులో పూర్వస్థితి వచ్చేస్తుంది, కానీ ఈలోపే పక్కనున్న భాగంలో ద్వారాలు తెరుచుకోవడం మొదలై ఉంటుంది. ఇలా సంకేతం దారి పొడవునా మళ్లీ మళ్లీ కొత్తగా పుడుతుంది కనుకనే, నడుము నుంచి పాదం దాకా మీటరు దూరం సాగినా దాని బలం తగ్గదు. శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ సముద్రజీవి స్క్విడ్ తంతువు మీద ప్రయోగాలు చేసి 1952లో ఈ లెక్కంతా తేల్చారు. 1963లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. పన్ను పీకే ముందు ఇచ్చే లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ మూసేది ఈ సోడియం ద్వారాలనే.

తంతువు పొరలో సోడియాన్ని బయటికీ, పొటాషియాన్ని లోపలికీ తోసే ‘సోడియం–పొటాషియం పంపు’ ఒకటి ఉంది. ప్రతి సంకేతం తర్వాత పూర్వస్థితిని తెచ్చేది ఆ పంపు అనే చాలామంది విద్యార్థులు రాస్తారు. ఒక సంకేతంలో అటూఇటూ మారే అయాన్లు అతి స్వల్పం. ఆ పంపు నిల్వలను దీర్ఘకాలం కాపాడుతుందే తప్ప, ఆ మిల్లీసెకనులో జరిగే పని దానిది కాదు.

వేగం విషయానికి వస్తే, నాడీ సంకేతం వేగాన్ని కొలవడం అసాధ్యమని తన గురువు ముల్లర్ భావించినా, శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నరంలో దాన్ని కొలిచి సెకనుకు సుమారు 27 మీటర్లని తేల్చాడు. అంటే గంటకు వంద కిలోమీటర్లకు కాస్త లోపే.

అపోహ: దెబ్బ గట్టిగా తగిలితే సంకేతం పెద్దదవుతుంది.

వాస్తవం: ఒక్కో తంతువులో సంకేతం పుడితే పూర్తిగా పుడుతుంది, లేకపోతే అసలు పుట్టదు. తీవ్రతను తెలిపేవి సంకేతాల సంఖ్య, స్పందించే తంతువుల సంఖ్య. పరీక్షలో నరానికి మేము ఇచ్చే చిన్న షాకును పెంచేకొద్దీ తెర మీద అల పెరగడానికి కారణం మరిన్ని తంతువులు కలవడమే. అన్నీ కలిశాక ఎంత పెంచినా అల ఇక పెరగదు.

అపోహ: తంతువుల చుట్టూ ఉండే మైలిన్ అంటే తీగ మీది ప్లాస్టిక్ తొడుగు లాంటిది, దాన్ని తయారుచేసే కణాలు నాడీకణాలను అంటిపెట్టే జిగురు మాత్రమే.

వాస్తవం: ఈ జిగురు అపోహ పేరులోనే ఉంది. 1856లో శాస్త్రవేత్త వీర్కో ఈ కణాలకు పెట్టిన గ్లియా అనే పేరుకు గ్రీకులో అర్థం జిగురే. కానీ మైలిన్ సజీవమైన కణభాగం. చేతులు, కాళ్ల నరాల్లో ష్వాన్ కణం తన పొరనే తంతువు చుట్టూ పదుల చుట్లు చుడుతుంది. రెండు తొడుగుల మధ్య ఒక మైక్రోమీటరు పాటి ఖాళీ ఉంటుంది. రాన్వియర్ కణుపు అనే ఆ చోట సోడియం ద్వారాలు కిక్కిరిసి ఉంటాయి. తొడుగు ఉన్నచోట విద్యుదావేశం బయటికి కారదు, పొరను నింపడానికీ తక్కువ ఆవేశం చాలుతుంది. అందువల్ల ఒక కణుపు దగ్గర పుట్టిన మార్పు తంతువు లోపలి నుంచే చప్పున తర్వాతి కణుపును చేరుతుంది. దీన్నే పుస్తకాలు ‘దూకడం’ అంటాయి గాని, నిజానికి ఏదీ గాలిలో ఎగిరి దూకదు. తొడుగు లేని స్క్విడ్ తంతువు అర మిల్లీమీటరు మందం ఉన్నా సెకనుకు సుమారు 25 మీటర్లే సాధిస్తే, దానిలో యాభయ్యో వంతు మందమున్న మన తొడుగు తంతువు సుమారు 60 మీటర్లు సాధిస్తుంది.

కాళ్లు, చేతులు చచ్చుబడే గులియన్–బారే వ్యాధిలో చాలామందికి ముందుగా దెబ్బతినేది ఈ తొడుగే. తంతువు బతికే ఉంటుంది, సంకేతం మాత్రం నెమ్మదిస్తుంది లేదా మధ్యలో ఆగిపోతుంది. ష్వాన్ కణాలు తిరిగి తొడుగు వేయగానే కాళ్లు కదలడం మొదలవుతుంది. కుష్ఠు క్రిమి ష్వాన్ కణాల్లోనే కాపురం పెడుతుంది కనుకే, మోచేతి వెనుక నరం ఉబ్బిందేమో వైద్యులు తడిమి చూస్తారు.

మెదడులో తొడుగు వేసే పని ఆలిగోడెండ్రోసైట్లు అనే గ్లియా కణాలది. ఒక్కో కణం పదుల సంఖ్యలో తంతువులకు తొడుగు వేయగలదు. ఆస్ట్రోసైట్లు అనే మరో రకం గ్లియా కణాలు నాడీకణాల చుట్టూ పోగయ్యే పొటాషియాన్నీ, నాడీకణాలు కలిసే నాడీసంధుల్లో మిగిలిన గ్లుటమేట్ అనే సంకేత రసాయనాన్నీ పీల్చేస్తాయి. మెదడులో గ్లియా కణాలు నాడీకణాలకు పది రెట్లుంటాయన్న మాట కూడా నిలవలేదు: 2009లో ప్రచురితమైన లెక్క ప్రకారం నాడీకణాలు సుమారు 8,600 కోట్లు, మిగిలిన కణాలన్నీ కలిపి దాదాపు అంతే.

అపోహ: ఎన్‌సీవీ నార్మల్ వస్తే నరాలన్నీ బాగున్నట్టే.

వాస్తవం: ఈ పరీక్ష తొడుగున్న మందపాటి తంతువులనే చూస్తుంది. మంటను మోసే సన్నని తంతువులకు తొడుగు ఉండదు, వాటి వేగం సెకనుకు ఒక మీటరు అటూఇటూ. కాలి వేలు గడపకు తగిలినప్పుడు దెబ్బ చురుక్కుమని ముందు తెలిసి, మంట కాస్త ఆగి రావడం ఇందుకే. మధుమేహంలో ముందుగా ఈ సన్నని తంతువులు దెబ్బతినవచ్చు. అప్పుడు అరికాళ్లు మండుతున్నా మా రిపోర్టు నిక్షేపంగా ఉంటుంది. అలాంటివారికి చర్మం నుంచి చిన్న ముక్క తీసి, అందులోని తంతువులను సూక్ష్మదర్శిని కింద లెక్కించే పరీక్ష వేరుగా ఉంది.